వ్యాపార పత్రములలో లెక్కల పటములు: ఏకరూపత ఆవశ్యకము
(మన సంఘ వర్తక శాఖ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వ్యాపార పత్రములలో లెక్కల పటములను ఏకరీతిగా వ్రాయుటను గూర్చి మాటలాడవలసినదని నన్ను ఆజ్ఞాపించినారు. ఈ పేరు విన్నంతనే ఇది పట్టభద్రులు చెప్పవలసిన సంగతి యని కొందరికి తోచవచ్చును. నేను మెట్రిక్యులేషనుతో చదువు చాలించి అంగడిలో కూర్చున్నవాడను. అయినను ఈ విషయము నేడు మన అంగళ్లలోనే తిరుగుచున్నది గనుక, అంగడి మనిషిగానే నాలుగు మాటలు మనవి చేసెదను.

మన తాతల కాలమున లెక్క యనగా చిట్టా, ఆవర్జా. ఏనాటి పద్దు ఆనాడు చిట్టాలో పడెడిది. ఎవరి పద్దు వారి పేరిట ఆవర్జాలో చేరెడిది. ఊరు మారినను, గుమాస్తా మారినను పద్దు వ్రాయు తీరు మారెడిది కాదు. జమ ఒక ప్రక్క, ఖర్చు ఒక ప్రక్క. కావుననే కోయంబత్తూరు కొట్టు పుస్తకమును మధురలోని దాయాది చదివి, తప్పున్నచోట వ్రేలు పెట్టి చూపగలిగెడివాడు. నేడు ఆ పుస్తకపు స్థానమునకు కంప్యూటరు వచ్చినది. మన పిల్లలు నెలకొకసారి లెక్కలను బొమ్మలుగా మార్చి పంపుచున్నారు. అవి చేతి ఫోనులోనికే వచ్చి చేరుచున్నవి. ఇది సంతోషింపదగిన మార్పే. కాని ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున వ్రాయుచున్నారు. ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి యని సామెత. ఆ సామెతలో ఉలిపికట్టె ఒక్కటే. మన పటములలో అన్నియు ఉలిపికట్టెలే.

ఇందువలన వచ్చు నష్టమేమి?

ఒక ఉదాహరణము చెప్పెదను. ఇది కల్పించిన లెక్కయే గాని, మనలో పలువురి యిండ్లలో ఇట్టిది జరుగగలదు. అన్నదమ్ములు ఇద్దరు. అన్నకు కోయంబత్తూరు ఒప్పణక్కార వీధిలో బట్టల కొట్టు, తమ్మునికి మధుర దక్షిణ మాసి వీధిలో బట్టల కొట్టు. పెట్టుబడి ఉమ్మడిది. అన్న కొట్టులో నాలుగు త్రైమాసికముల అమ్మకము వరుసగా 80, 82, 84, 86 లక్షలు. తమ్ముని కొట్టులో 60, 66, 72, 78 లక్షలు. అన్న కుమారుడు పటము వ్రాయునపుడు నిలువు కొలతను 78 లక్షల వద్ద మొదలుపెట్టినాడు. మొదటి కమ్మీ రెండంతల యెత్తు, చివరి కమ్మీ ఎనిమిదంతల యెత్తు వచ్చినవి. చూచినవారికి అమ్మకము నాలుగు రెట్లైనట్లు తోచును. తమ్ముని కుమార్తె కొలతను సున్న వద్ద మొదలుపెట్టి 200 లక్షల వఱకు సాగదీసినది. ఆ కమ్మీలన్నియు అడుగున అణగి ఒకే యెత్తుగా కానవచ్చును.

నిజమేమనగా, అన్న కొట్టు పెరుగుదల నూటికి ఏడున్నర. తమ్ముని కొట్టు పెరుగుదల నూటికి ముప్పది. రాబోవు సంవత్సరమునకు పెట్టుబడి ఎవరికి ఎక్కువ ఇవ్వవలెనని పెద్దలు కూర్చుండి రెండు పటములను ప్రక్కప్రక్కన చూచినచో, పొరపాటున ఎవరికి ఇత్తురో వేరుగా చెప్పనక్కరలేదు. ఇక్కడ ఎవరును అబద్ధము వ్రాయలేదు. అంకెలన్నియు నిజమే. అయినను తీర్పు తప్పినది. ఆరు నెలల తరువాత నిజము తెలిసినపుడు, "నీ కొడుకు గోరంతను కొండంత చేసినాడు" అని ఒకరును, "నీ కూతురికి చూపుకొనుట చేతకాలేదు" అని ఒకరును అనుకొందురు. ఉమ్మడి వ్యాపారములు విడిపోవుటకు దొంగలెక్కలే కావలెనని లేదు. ఒకరి లెక్క ఒకరికి అర్థము కాకుండుట చాలును. ఈనాటి విషయము నాకు ముఖ్యముగా తోచుటకు కారణమిదే.

ఈ పటముల పుట్టుక

లెక్కను బొమ్మగా వ్రాయు విద్యకు రెండువందల సంవత్సరములకు పైగా వయస్సున్నది. విలియం ప్లేఫేర్ అను స్కాట్లండు దేశీయుడు 1786లో ఒక గ్రంథము ప్రకటించి, అందు ఇంగ్లండు దేశపు ఎగుమతి దిగుమతులను గీతలుగా చూపినాడు. అతడు మొదట ఆవిరి యంత్రమునకు ప్రసిద్ధుడైన జేమ్స్ వాట్ వద్ద నక్షాలు గీయు పనిలో నుండినవాడు. ఆ గ్రంథమున తూర్పు ఇండియాతో జరిగిన వ్యాపారమునకు సైతము ఒక పటము కలదు. మన దేశపు సరకు లెక్క ఆనాడే గీతలకెక్కినదన్నమాట. స్కాట్లండుకు సంబంధించి మాత్రము ఏండ్ల తరబడి లెక్కలు దొరకనందున, ఒక్క సంవత్సరపు లెక్కను దేశముల వారీగా కమ్మీలుగా వేసినాడు. నేడు మన పిల్లలు వేయు కమ్మీ పటమునకు అదియే ముత్తాత. 1801లో అతడే వలయమును ముక్కలుగా కోసి చూపు పటమును గూడ ప్రవేశపెట్టినాడు.

ఈ విద్యకు మన తెలుగువారి సేవయు కొంత కలదు. లెక్కల శాస్త్రమున లోకప్రసిద్ధులైన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు 1920లో నాటి మదరాసు రాజధానిలోని బళ్లారి జిల్లా హడగళిలో తెలుగు కుటుంబమున జన్మించినారు. ఆ యూరు నేడు కర్ణాటకములో నున్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్స్టిట్యూటులో నాలుగు దశాబ్దములు పనిచేసి, 2023లో నూటరెండేండ్ల వయస్సున దివంగతులైనారు. తెలుగు సీమకు వెలుపల పుట్టిన తెలుగు బిడ్డ ఇంతటివాడు కాగలిగినాడని మన పిల్లలకు చెప్పుకొనదగిన పేరు అది.

ఏకరూపత యనగా నేమి?

ఇందుకు మధురవారికి నేను చెప్పవలసినది లేదు. వారి ఊరే పాఠము. మీనాక్షి అమ్మవారి ఆలయము చుట్టు ఆడి వీధులు, వాని వెలుపల చిత్తిరై వీధులు, ఆ తరువాత ఆవణి మూల వీధులు, తరువాత మాసి వీధులు, కడపట వెళి వీధులు. ప్రతిదానికి తూర్పు, పడమర, ఉత్తరము, దక్షిణము అని నాలుగు ప్రక్కలు. ఈ క్రమము ఒకసారి తెలిసినవాడు పశ్చిమ ఆవణి మూల వీధికి ఎన్నడు పోకున్నను, అది ఆలయమునకు ఏ దిక్కున, ఎన్నవ చుట్టులో నున్నదో చెప్పగలడు. పటములును ఇట్లే యుండవలెను. ఒక పటము చదువ నేర్చినవాడు మన పటములన్నియు చదువగలుగవలెను. ప్రతి పటమునకు క్రొత్తగా దారి అడుగవలసిన పని ఉండరాదు.

మన యిండ్లలో స్త్రీలు ముగ్గు పెట్టు విధమును గమనింపుడు. ముందుగా చుక్కలు సమదూరముగా పెట్టి, పిదప గీత కలుపుదురు. చుక్కలు ఒకచోట దగ్గరగాను, ఒకచోట దూరముగాను పడినచో ముగ్గు కుదరదు. పటములో ఆ చుక్కల పని చేయునది కొలత. గీత యెంత అందముగా నున్నను కొలత సరిగా లేనిచో పటము కుదరనట్లే.

మొదట కొలత మాట కుదురవలెను

గీతలకంటె ముందు కొలతల సంగతి చూతము. మన వ్యాపారములలో చిక్కు ఎక్కువగా నిచ్చటనే యున్నది.

నూలు వ్యాపారులకు నెంబరు సంగతి తెలియనిది కాదు. 840 గజముల చిలుపలు ఎన్ని కలిసిన ఒక పౌను తూగునో అది నూలు నెంబరు. నలుబది చిలుపలు పౌను తూగినచో 40వ నెంబరు. కావున నెంబరు పెరిగినకొలది నూలు సన్నబడును. కాని టెక్సు అను మరియొక కొలత కలదు. వేయి మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగునో అది టెక్సు. ఇందులో అంకె పెరిగినకొలది నూలు లావగును. 20వ నెంబరు సుమారు ఇరువదితొమ్మిదిన్నర టెక్సులు. 40వ నెంబరు పదునైదు టెక్సులకు కొంచెము తక్కువ. ఒకే మిల్లు నూలును ఒకరు నెంబరులోను, మరియొకరు టెక్సులోను పటము వేసినచో ఒక గీత మీదికి పోవును, ఒకటి క్రిందికి వచ్చును. రెండును నిజమే. కొనువాడు మాత్రము తికమక పడును.

ప్రత్తి సంగతియు ఇట్టిదే. నేడు ప్రత్తి ధరను కండి లెక్కన చెప్పుదురు. కండి యనగా 356 కిలోలు. బేలు 170 కిలోలు. నూలు ధర కిలో లెక్క. పూర్వము మన మదరాసు కండి వేరు; ఎనిమిది వీశెలు ఒక మణుగు, ఇరువది మణుగులు ఒక కండి, అది సుమారు 500 పౌనులు. బొంబాయి కండి 784 పౌనులు. ఒకే పేరు, రెండు తూనికలు! 1956 నాటి తూనికల కొలతల చట్టము వచ్చి మెట్రిక్ పద్ధతి అమలగు వఱకు దేశమంతట ఇట్టి గందరగోళమే. ఆ చట్టము మనకు నేర్పిన పాఠమును తూనికలలో పాటించుచున్నాము గాని పటములలో పాటించుట లేదు. 2022 మే నెలలో ప్రత్తి కండి ధర లక్ష రూపాయలు దాటినది మీకందరికి జ్ఞాపకమే. అట్టి కాలమున ఒకరు కండి లెక్కన, ఒకరు కిలో లెక్కన, ఒకరు బేలు లెక్కన పటములు పంపినచో మిల్లువాడు ఏది చూచి కొనవలెను?

సంవత్సరము అను మాటయు జాగ్రత్తగా వాడవలసినది. ఆదాయపు పన్ను సంవత్సరము ఏప్రిలు నుండి మార్చి వఱకు. ప్రత్తి సంవత్సరము అక్టోబరు నుండి సెప్టెంబరు వఱకు. కాలెండరు సంవత్సరము జనవరి నుండి. పటము క్రింద వట్టి "2023" అని వ్రాసినచో ఈ మూడింటిలో ఏది?

పండుగలును ఇట్లే మోసము చేయును. దీపావళి 2022లో అక్టోబరు 24న వచ్చినది. 2023లో నవంబరు 12న. 2024లో అక్టోబరు 31న. బట్టల కొట్టువారు 2022 అక్టోబరును 2023 అక్టోబరుతో పోల్చి పటము వేసినచో అమ్మకము కూలిపోయినట్లు కనబడును. నవంబరును పోల్చినచో ఆకాశమునకెగసినట్లు కనబడును. రెండును నిజమైన పోలిక కావు. అట్టి వ్యాపారులు పండుగకు ముందు ముప్పది దినములను ఒక కాలముగా తీసికొని, ఏటేట దానినే పోల్చవలెను. లేనిచో అక్టోబరు నవంబరులను కలిపి ఒకటిగా చూపవలెను.

మన ఊరి మిల్లులు చూపిన మార్గము

ఏకరూపతకు దృష్టాంతము వెదకుటకు విదేశములకు పోనక్కరలేదు. 1888లో స్టేన్సు మిల్లు ఏర్పడినది మొదలు, 1910లో జి. కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీ మిల్లును స్థాపించుటయు, 1930ల మొదట పైకారా విద్యుత్తు వచ్చుటయు, ఇట్లు కోయంబత్తూరు నూలు మిల్లుల నగరమైనది. మిల్లులు పెరిగినకొలది ఒక ప్రశ్న పుట్టినది. ఏ మిల్లు పని బాగున్నదని ఎట్లు తెలిసికొనుట? ఒక మిల్లు 20వ నెంబరు తీయును, ఒకటి 80వ నెంబరు తీయును. లావు నూలు తీయు మిల్లులో కిలోలు ఎక్కువ వచ్చును. సన్న నూలు తీయు మిల్లులో తక్కువ వచ్చును. ఉన్నదున్నట్లు కమ్మీలు వేసినచో లావు నూలు మిల్లే ఎప్పటికి గొప్ప.

1956లో కోయంబత్తూరున ఏర్పడిన దక్షిణ భారత వస్త్ర పరిశోధన సంస్థ, మనము సిట్రా యని పిలుచునది, ఇందుకొక మార్గము నిలిపినది. ప్రతి మిల్లు ఉత్పత్తిని 40వ నెంబరు నూలు తీసినచో ఎంత యగునో ఆ లెక్కకు మార్చి, పిదప పోల్చుట. నూరు కిలోల నూలు తీయుటకు పట్టు పనిగంటలను గూడ ఇట్లే 40వ నెంబరుకు సరిచేసి చూపుట. అప్పుడు ఒక మిల్లు కమ్మీ ప్రక్కన మరియొక మిల్లు కమ్మీ నిలువబెట్టుటకు న్యాయము కలిగినది. పటమును అందముగా వ్రాయుటకంటె ముందు పోల్చదగిన వానిని పోల్చుట యను నియమము ఇచ్చట మనకు దొరకుచున్నది.

మిల్లుల నుండి నేర్వదగిన రెండవది నాణ్యపు పటము. వాల్టర్ షూహార్ట్ అను అమెరికా దేశీయుడు 1924లో దీనిని కల్పించినాడు. నూలు మిల్లులో దీని పని యిట్లుండును. 120 గజముల నూలును తీసి తూచుదురు. వేయిని ఆ తూనిక గ్రెయిన్లచే భాగించినచో నెంబరు వచ్చును. 25 గ్రెయిన్లు తూగినచో 40వ నెంబరన్నమాట. ఇట్లు కొన్ని ముక్కల సగటును దినదినము ఒక చుక్కగా పెట్టుదురు. నడుమ ఒక గీత, దానికి పైన ఒక హద్దు, క్రింద ఒక హద్దు. చుక్క హద్దులలోపల ఆడుచున్నంత వఱకు యంత్రము జోలికి పోరాదు. హద్దు దాటినచో కారణము వెదకవలెను. పగటి పాలి మేస్త్రి ఒక కొలతలోను, రాత్రి పాలి మేస్త్రి మరియొక కొలతలోను ఈ పటము వేసినచో ఏమగును? ఆడవలసిన యంత్రమును ఆపుదురు; ఆపవలసిన యంత్రమును ఆడనిత్తురు. ఏకరూపత అలంకారము కొఱకు కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

గీతలు గీయునపుడు

ఇక గీతల సంగతి. కాలముతో మారు విషయమును ఎడమ నుండి కుడికి పోవునట్లు చూపవలెను. అంగళ్లను, సరకులను, ఊళ్లను పోల్చునపుడు పేర్లు ఎడమ ప్రక్క వ్రాసి కమ్మీలను అడ్డముగా వేసినచో పేర్లు చదువుటకు వీలగును. పెద్దది మొదట, చిన్నది కడపట.

వలయపు ముక్కల పటమనగా మన పిల్లలకు మిక్కిలి ప్రీతి. కాని మనుష్యుని కన్ను పొడవును పోల్చినంత సరిగా కోణమును పోల్చలేదని 1984లో క్లీవ్‌లండ్, మెక్‌గిల్ అను అమెరికా శాస్త్రజ్ఞులు పరీక్షించి తేల్చినారు. రెండు మూడు భాగములున్నపుడు వలయము పనికివచ్చును. పండ్రెండు సరకులను పండ్రెండు ముక్కలుగా కోసి, పండ్రెండు రంగులు పూసినచో అది రంగుల రాట్నమగును గాని లెక్క కాదు.

బేళ్ల బొమ్మలతో లెక్క చూపువారు మరియొకటి గమనింపవలెను. సరకు రెట్టింపైనదని బేలు బొమ్మను రెట్టింపు ఎత్తు, రెట్టింపు వెడల్పు చేసినచో దాని వైశాల్యము నాలుగింతలగును. లోతు గూడ చూపినచో ఎనిమిదింతల బేలుగా కంటికి తోచును. 1925లో వియన్నా నగరమున ప్రజలకొఱకు లెక్కల ప్రదర్శనశాల స్థాపించిన ఆటో న్యూరత్ ఇందుకు సులభమైన నియమము పెట్టినాడు. బొమ్మను పెద్దది చేయరాదు. అదే కొలత బొమ్మలను ఎక్కువ పెట్టవలెను. ఒక బేలు బొమ్మ నూరు బేళ్లకు గుర్తైనచో రెండువందల బేళ్లకు రెండు బొమ్మలు. అంతే. కంప్యూటరు ఇచ్చు మందపు కమ్మీలు, లోతు కమ్మీలు కూడ ఈ కారణముననే విడువదగినవి.

కమ్మీల కొలత సున్న వద్ద మొదలు కావలెను. ఇందుకు మినహాయింపు లేదు, ఏలనన కమ్మీలో కన్ను చూచునది పొడవునే. ధరల గీతలలో మాత్రము అవసరమైనచో సున్నను విడువవచ్చును. కాని విడిచినట్లు కొలత వద్ద తెగిన గుర్తు వేసి తెలుపవలెను. పోల్చదగిన రెండు పటములకు ఒకే కొలత ఉండవలెను. అయినవారికి ఆకులలో, కానివారికి కంచములలో వడ్డించుట విందులలోనే తప్పు. లెక్కలలో మరింత తప్పు.

రంగుల విషయము. కొందరు పురుషులకు పుట్టుకతోనే ఎరుపునకు ఆకుపచ్చకు భేదము తెలియదు. అదియుగాక మన పటములు నల్లసిరాతో అచ్చుపడును, నకళ్లు తీయబడును. లాభమునకు పచ్చ, నష్టమునకు ఎరుపు అని వేసినది నకలులో రెండును బూడిదరంగే యగును. కావున భేదమును రంగుతోపాటు గీతల తీరులో గూడ చూపవలెను. ఇందుకు చక్కని పద్ధతి ఐరోపాలో ఏర్పడినది. జర్మను ఆచార్యుడు రోల్ఫ్ హిచెర్ట్ వ్యాపార పటములకు ఉమ్మడి నియమములు కూర్చినాడు. వానిని నడుపుటకు 2013లో ఒక సంఘము గూడ ఏర్పడినది. జరిగిన లెక్కకు నిండు నలుపు కమ్మీ. గత సంవత్సరపు లెక్కకు లేత బూడిదరంగు. అనుకొన్న లెక్కకు, అనగా బడ్జెటుకు, లోపల ఖాళీగా నుండి అంచు మాత్రము గల కమ్మీ. రాబోవు దానిని అంచనా వేసినచో వాలుగీతలు నింపిన కమ్మీ. చేతికి వచ్చినది నిండుగాను, ఇంకను రానిది ఖాళీగాను ఉండుట ఎంత సహజము! చదువురాని ముసలమ్మ సైతము నిండు బిందెకును ఖాళీ బిందెకును భేదము ఎరుగును.

మన సంఘపు లెక్కలు

ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు. మన సంఘము పంపు విజ్ఞాపనములలోను లెక్కలుండును. భాషాల్పసంఖ్యాకుల కమీషనరు పదవి 1957లో ఏర్పడినది మొదలు, మాతృభాషా బోధన విషయమై తెలుగు సంఘములు అర్జీలు వ్రాయుచునే యున్నవి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత ఈ పని మరింత పెరిగినది. అర్జీలోని పటము తప్పుదారి పట్టించునదైనచో, న్యాయమైన కోరిక సైతము పలుచబడును.

జనగణన లెక్కనే చూడుడు. తమిళనాట తెలుగు మాతృభాషగా వ్రాయించినవారు 2001లో 35 లక్షల 28 వేలు. 2011లో 42 లక్షల 34 వేలు. సంఖ్య చూచినచో నూటికి ఇరువది పెరిగినది. కాని రాష్ట్రపు జనాభాయు ఆ పదేండ్లలో నూటికి పదునైదు దాటి పెరిగినది. కావున జనాభాలో మన పాలు 5.65 శాతము నుండి 5.87 శాతమునకు మాత్రమే పెరిగినది. ఈ రెండు శాతములను కమ్మీలుగా వేసి, కొలతను 5.60 వద్ద మొదలుపెట్టినచో రెండవ కమ్మీ మొదటిదానికి ఐదు రెట్లకు మించి యుండును. మనవాడు దానిని చూచి ఉప్పొంగును. అధికారి చూచి నవ్వును. మన మీద కినుక గలవాడు చూచి, వీరు అంతకంతకు పెరిగిపోవుచున్నారని ప్రచారము చేయును. మూడును మనకు మేలు కావు. సున్న నుండి కొలిచి, సంఖ్యను, పాలును రెండింటిని ప్రక్కప్రక్కన చూపుటయే గౌరవము. 2021లో జరుగవలసిన జనగణన వాయిదా పడినందున 2011 నాటిదే మనకున్న లెక్క యని గూడ పటము క్రింద వ్రాయవలెను.

పటము మీది భాష సంగతి కొంచెము సున్నితమైనది. మన యిండ్లలో తెలుగు మాటలాడుచున్నారు గాని, తెలుగు చదువగలవారు తగ్గుచున్నారు. తమిళ బడులలో చదివిన పెద్దలకు తమిళాక్షరములే కుదురుగా వచ్చును, పిల్లలకు ఆంగ్లమే. వట్టి తెలుగులో వ్రాసినచో సగము మందికి అందదు. తెలుగు లేకుండ వ్రాసినచో మన సంఘమునకు పేరెందుకు? కావున సంఘపు పటములలో శీర్షిక తెలుగున, దాని క్రిందనే తమిళమున ఉండవలెనని నా మనవి. దినము దినము కంటబడు శీర్షికయే పిల్లలకు అక్షరములు నేర్పును. అమ్మకము, కొనుగోలు, నిల్వ, రాబడి, బాకీ వంటి పది పదునైదు మాటలు చదువ నేర్చినచో సంఘపు పటములన్నియు చదువగలరు. ఏకరూపత వలన కలుగు మేలులలో ఇది యొకటి.

నా ప్రతిపాదన

పెద్దలు ఆమోదించినచో ఈ క్రింది నియమములను ఒక కాగితమున అచ్చువేసి, సంఘపు లెక్కలకును, ఇష్టపడిన వర్తకుల అంగళ్లకును పంచవచ్చును.

1. పటము పైన ఎవరి లెక్క, దేని లెక్క, ఏ కొలత, ఏ కాలము అను నాలుగును వ్రాయవలెను.

2. మొత్తము లక్షల రూపాయలలో, తూనిక కిలోలలో, నూలు నెంబరులో. వేరు కొలత వాడినచో స్పష్టముగా చెప్పవలెను.

3. సంవత్సరము ఏప్రిలు నుండి మార్చి వఱకు. ప్రత్తి సంవత్సరమైనచో అట్లని వ్రాయవలెను. పన్ను కలిసినదో లేదో తెలుపవలెను.

4. కమ్మీలు సున్న నుండి మొదలు. పోల్చు పటములకు ఒకే కొలత.

5. జరిగినది నిండు, గత సంవత్సరము లేత బూడిద, బడ్జెటు ఖాళీ, అంచనా వాలుగీతలు.

6. ఒక అంగడికి ఒక రంగు నిర్ణయించినచో ఆ రంగు ఏటేట అదే. రంగు లేకున్నను పటము అర్థము కావలెను.

7. కమ్మీ చివర అంకె వ్రాయవలెను. లోతు కమ్మీలు, ఐదు ముక్కలకు మించిన వలయములు వాడరాదు.

8. పటము క్రింద లెక్క ఏ పుస్తకము నుండి తీసినది, ఏనాడు, వ్రాసినది ఎవరు అని ఉండవలెను.

కొందరు పెద్దలు, "ఇన్ని నియమములు పెట్టినచో పిల్లల నేర్పు అణగిపోదా?" యని అడుగవచ్చును. ఆవర్జా తీరు మారనందున మన తాతల నేర్పు అణగినదా? వారు తీరును గూర్చి ఆలోచింపనక్కరలేనందుననే వ్యాపారమును గూర్చి ఆలోచించినారు. ప్రతి నెల క్రొత్త రంగులు, క్రొత్త రూపములు వెదకు కాలమును మన పిల్లలు అమ్మకము ఎందుకు తగ్గినదని వెదకుటకు వినియోగింపవచ్చును. ఈ నియమములు శాశ్వతములని నేననను. ఒక సంవత్సరము పాటించి చూతము. మార్చవలసినది ఉన్నచో ఏడాది చివర అందరము కూడి మార్చుకొందము. నడుమ మాత్రము ఎవరికి వారు మార్చరాదు. నడుమ మార్చినచో ఈ యేటి పటము పోయిన యేటి పటముతో మాటలాడదు.

ఉమ్మడి వ్యాపారములలో నమ్మకమే మూలధనము. మన కుటుంబములు ఈ తమిళసీమలో తరతరములుగా నిలిచినవనగా, బాసను నిలుపుకొన్నంత జాగ్రత్తగా మాటను, లెక్కను గూడ నిలుపుకొన్నందుననే. అన్న పంపిన పటమును తమ్ముడును, తండ్రి వ్రాసిన లెక్కను కుమార్తెయు, సంఘము ప్రకటించిన జమాఖర్చును చందా యిచ్చిన ప్రతివాడును సందేహము లేకుండ చదువగలిగిననాడు సగము తగవులు పుట్టకముందే తీరును. వచ్చు ఉగాది నాటి సంఘపు జమాఖర్చును ఈ పద్ధతిలో ప్రకటించుటకు కార్యవర్గమువారు అనుమతింపవలెనని కోరుచున్నాను.